మంత్రి గారూ, రిఫరల్ చీటీ రాసిచ్చాక ఏమవుతోందో లెక్క తీయించండి

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల్లో కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టులం, పారామెడికల్ సిబ్బందిమి రాస్తున్న లేఖ ఇది. కొత్త పథకమేదీ అడగడం లేదు. ఊర్లో పరీక్షకూ పట్నంలో స్పెషలిస్టుకూ మధ్య మనిషి ఎక్కడ జారిపోతున్నాడో రోజూ చూస్తున్నాం, ఆ చోటు మీకు చూపిద్దామని రాస్తున్నాం.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ఊరూరా ఉచిత కంటి పరీక్షల సర్కారు కార్యక్రమం కంటి వెలుగు మొదలైంది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. రెండుసార్లూ పరీక్ష ఊరి దాకా వచ్చింది, దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతికిచ్చారు. ఏ ప్రభుత్వం చేసినా మంచి పని మంచి పనే. అయితే ఎందరిని చూశారు, ఎన్ని అద్దాలు పంచారు అన్న లెక్క అడిగినంత గట్టిగా, పెద్ద డాక్టరు దగ్గరికి పొమ్మని రాసిచ్చే రిఫరల్ చీటీ తీసుకున్నవాళ్లలో ఎందరు పెద్దాసుపత్రి మెట్లెక్కారు, ఎందరికి ఆపరేషన్ అయింది, అయ్యాక చూపెంత వచ్చింది అని ఎవరూ అడగలేదు. పైనుంచి అడగని లెక్కను కింది సిబ్బంది ఎవరూ రాయరు.

వాజేడు, వెంకటాపురం, మంగపేట, కన్నాయిగూడెం మండలాల్లో సర్కారు కంటి స్పెషలిస్టు అంటే జనం చెప్పేది వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రి పేరే. ఏటూరునాగారం నుంచే అది వంద కిలోమీటర్ల పైచిలుకు. గోదావరి అవతలి వాజేడు ఇంకా దూరం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, అది నిజంగా అక్కరకొచ్చింది. కానీ కండ్లు కనబడని ముసలమ్మ ఒక్కతే రాలేదు కదా. వెంట వచ్చే కొడుకు టికెట్ కొనాలి, ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. మొదటి బస్సు ఎక్కినా, హనుమకొండలో దిగి ఆటో పట్టుకుని పోయేసరికి ఓపీ చీటీలు రాయడం ఆపేసే వేళ అవుతుంది.

ఇంత పడి వచ్చినవాళ్లను శుక్లం ఆపరేషన్ చేయకుండా ఎందుకు తిప్పి పంపుతారో చూడండి. షుగర్ రెండు వందలు దాటింది. బీపీ నూట ఎనభై ఉంది. రక్తం పల్చబడే గోళీలు వాడుతున్నారు, రాసిచ్చిన కాగితం లేదు. ఆధార్ ఇంట్లోనే ఉంది. కన్నీటి సంచిలో చీము ఉంది. అది ఉండగా కంట్లో లెన్స్ పెడితే ఇన్ఫెక్షన్ లోపలికి దిగుతుంది, ఉన్న చూపు కూడా పోతుంది. వీటిలో ఒక్కటి కూడా వరంగల్ వచ్చాకే తెలియాల్సిన సంగతి కాదు. బీపీ మిషన్, గ్లూకోమీటర్ పీహెచ్‌సీలో ఉండే సామానే. కన్నీటి సంచి పరీక్షకైతే మిషనే అక్కర్లేదు: ముక్కు పక్కన, కంటి లోపలి మూల కింద వేలితో మెల్లగా నొక్కితే చాలు. జిగురో చీమో బయటికొస్తే ముందు దానికి వైద్యం జరగాలి. అర నిమిషం పని, నేర్పితే ఏఎన్ఎం కూడా చేయగలదు.

కాబట్టి శుక్లం అని తేలిన రోజే పీహెచ్‌సీలో ఒక కార్డు తెరవాలి. రెండు కండ్ల చూపు విడివిడిగా, బీపీ, షుగర్, కన్నీటి సంచి, వాడే మందులు, తోడు వచ్చేవారి ఫోన్ నంబరు అందులో ఉండాలి. బీపీ, షుగర్ ఎక్కువుంటే మందు సరిచేసి, పది పదిహేను రోజులకు మళ్లీ చూసి, అదుపులోకి వచ్చాకే తేదీ ఇవ్వాలి. "వరంగల్ పోండి" అని రాసే చీటీ ఎందుకూ పనికిరాదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ గదికి పోవాలో దాని మీద ఉండాలి. అట్లా ఇరవై మంది సిద్ధమైతే ఒక బస్సు చాలు. మేడారం జాతరకు వేల బస్సులు తిప్పే ఆర్టీసీకి నెలకు రెండుసార్లు ఏటూరునాగారం నుంచి ఒక బస్సు నడపడం బరువేం కాదు.

తేదీలు హైదరాబాద్‌లో కూర్చుని వేస్తే మాత్రం మళ్లీ ఖాళీ బస్సే వస్తుంది. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఎవరూ ఇల్లు కదలరు. మంగపేట, వెంకటాపురం వైపు మిర్చి ఉంటుంది గనుక ఫిబ్రవరి, మార్చిలో కూడా కుదరదు. వానాకాలంలో వాగులు పొంగితే కొన్ని ఊళ్లకు దారే ఉండదు. మండలం వారీగా క్యాలెండర్ కావాలి, దాన్ని ఆశాలతో కూర్చుని వేయాలి. ఇంకో అడ్డంకి ఉంది: పొర ముదిరాకే తీయించుకోవాలని, ఎండాకాలం ఆపరేషన్ పడదని పల్లెల్లో ఇప్పటికీ నమ్మకం. ముదిరితే పొర గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. ఒక్కోసారి ఉబ్బి కంటి లోపలి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, ఆ తర్వాత పొర తీసినా చూపు తిరిగి రాదు. ఈ ముక్క ఆశా చెబితే వినే ఇంట్లో, పట్నం నుంచి వచ్చిన పోస్టరు చెబితే వినరు.

ఆపరేషన్ అయ్యాక మర్నాడు, వారానికి, మళ్లీ ఐదారు వారాలకు చూడాలి. మర్నాటి పరీక్ష ఆసుపత్రిలోనే అయిపోతుంది. మిగతా రెండింటికీ మనిషి అంత దూరం రాడు, రాలేడు. ఆ రెండూ మండలంలోనే మేం చూడగలం, చివరిసారి అద్దాల పవర్ కూడా తీయగలం. స్టెరాయిడ్ చుక్కలు ఉన్నట్టుండి ఆపకుండా వారం వారం తగ్గిస్తూ పోవాలి. మొదటి వారంలో కన్ను నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే అది గంటల మీద చూడాల్సిన ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు నొప్పి గోళీ వేసుకుని పడుకుంటే కన్ను పోతుంది. ఎవరికి ఫోన్ చేయాలో కార్డు మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి, ఆ ఫోన్ రాత్రి కూడా ఎత్తాలి.

శుక్లం కొన్ని వారాలు ఆగుతుంది. నల్లగుడ్డు మీద దెబ్బ ఆగదు. వరి కోతల్లో వడ్ల పొట్టు, పత్తి చేలో కట్టె మొన, మక్కజొన్న ఆకు అంచు తగిలి నల్లగుడ్డు మీద సన్నని గీత పడుతుంది. రైతు మర్నాడు మందుల షాపుకో, ఆర్ఎంపీ దగ్గరికో పోతాడు. చేతికొచ్చే చుక్కల్లో చాలాసార్లు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు, మంట తగ్గుతాయి, తగ్గిందనుకుంటాడు. మట్టి, ఆకు, పొట్టుతో తగిలిన గీతలో బూజు చేరి ఉంటే స్టెరాయిడ్ దానికి ఎరువు వేసినట్టే. పది రోజులకు తెల్లగా పుండు కనబడి వరంగల్ వస్తాడు. అప్పటికి పుండు మానినా మచ్చ మిగులుతుంది, మనవాళ్లు కంట్లో పువ్వు అనేది దాన్నే.

దీన్ని ఊర్లోనే ఆపొచ్చని నేపాల్‌లోని భక్తపూర్‌లో చేసి చూపించారు. గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఫ్లోరెసిన్ స్ట్రిప్ (రంగు అద్దిన సన్న కాగితం ముక్క) తడిపి కంటికి తాకించి, నీలి లైటు వేసి చూశారు. గీత ఉంటే పచ్చగా మెరుస్తుంది. అలాంటి కంటికి 1 శాతం క్లోరామ్‌ఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు 3 సార్లు, 3 రోజులు పెట్టారు. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మొదలుపెట్టిన వాళ్లలో ఒక్కరికీ పుండు కాలేదని 2001లో ప్రచురించారు. స్ట్రిప్పులు, నీలి టార్చ్, ఆయింట్‌మెంట్ ట్యూబులు: ఇంతే సామాను. అక్టోబరు రాకముందే ఇవి ఆశా సంచిలో ఉండాలి. అప్పటికే తెల్లమచ్చ కనబడితే ఆయింట్‌మెంట్‌తో కాలయాపన చేయకుండా అదే రోజు పంపాలి.

పుండు అయినవాళ్లకు ఏటూరునాగారం, మహబూబాబాద్ లాంటి చోట్ల మొదటి వైద్యం అందాలి. పుండు అంచు గీకి, స్లైడ్ మీద 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి చూస్తే బూజు ఉందో లేదో నిమిషాల్లో తెలుస్తుంది. మలేరియా, టీబీ స్లైడ్లు చూసే మైక్రోస్కోపే దీనికీ సరిపోతుంది. కావాల్సింది గీకే కంటి డాక్టరు. బూజు అని తేలితే బూజును చంపే 5 శాతం నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటకోసారి వేయాలి. ఆ సీసా మండల కేంద్రంలో ఏ షాపులో అడిగినా దొరకదు. కోతల సీజన్‌కు ముందే సర్కారు దవాఖానలో నిల్వ ఉంచాలి. స్టెరాయిడ్ చుక్కలు చీటీ లేకుండా అమ్మకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను ఆ కోతల రోజుల్లోనైనా తిప్పండి.

షుగర్ రోగులది ఇంకో తీరు. పీహెచ్‌సీలో ప్రతి నెలా గోళీలు తీసుకునే వాళ్లలో కంటి నరం పొర (రెటీనా) ఫొటో ఒక్కసారి కూడా తీయించుకోని వాళ్లే ఎక్కువ మంది మాకు ఎదురవుతారు. చూపు మసకబారేదాకా ఏ బాధా ఉండదు కాబట్టి ఎందుకని అడుగుతారు. టైప్ 2 షుగర్ తేలిన ఏడాదే ఒకసారి, తర్వాత ఏటా చూడాలి. గోళీలు పంచే రోజునే ఆ ఫొటో తీసే ఫండస్ కెమెరా తెచ్చి పెడితే వేరే ప్రయాణం ఉండదు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపొద్దని ముందే చెప్పాలి. తాడ్వాయి అడవి ఊళ్లలో సిగ్నల్ ఉండదు గనుక ఫొటోలు దాచి సాయంత్రం పంపేలా సాఫ్ట్‌వేర్ ఉండాలి. దూరం నుంచే డాక్టరుకు చూపించే సర్కారు ఆన్‌లైన్ సేవ ఇ-సంజీవని ఎలాగూ ఉంది. వరంగల్‌లో ఒక డాక్టరుకు రోజూ గంటసేపు ఆ ఫొటోలు చదవడమే డ్యూటీగా వేయండి.

నీటికాసులకు (గ్లకోమా) టైమోలాల్ చుక్కలు జీవితాంతం వాడాలి. 5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు నూరు చుక్కలుంటాయి. రెండు కండ్లకూ రోజుకు రెండుసార్లు వేస్తే 25 రోజులకు అయిపోతుంది, చేయి వణికితే ఇంకా ముందే. బీపీ గోళీలతో పాటే ఇవ్వండి, నెలకొకటి లెక్కన కాకుండా రెండు నెలలకు మూడు. ఆయాసం ఉన్నవాళ్లకు ఈ మందు పడదు, అది అడిగి రాయాలి.

నెలలు నిండక పుట్టిన పసిపిల్లల సంగతి వీటన్నిటికంటే తొందర. 34 వారాల కంటే ముందు పుట్టినా, 2 కిలోల లోపు బరువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి నరం పొర చూడాలి. మరీ చిన్న పిల్లలకైతే రెండు మూడు వారాలకే. ఎస్ఎన్‌సీయూ (పసిపిల్లల ప్రత్యేక వైద్య విభాగం) నుంచి డిశ్చార్జి అయి తల్లిగారింటికి పోయాక ఆ తేదీ ఎవరికీ గుర్తుండదు. డిశ్చార్జి కాగితం మీదే తేదీ వేసి, వారానికి ఒక రోజు కంటి డాక్టరు ఎస్ఎన్‌సీయూకే పోయేలా చూడాలి.

డాక్టర్లేరని మీ అధికారులు అంటారు. మహబూబాబాద్, భూపాలపల్లి, జనగామ, ములుగు, నర్సంపేటల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, వాటిలో కంటి విభాగం ఉండాల్సిందే. పీజీ చదివే డాక్టర్లు మూడు నెలలు జిల్లాలో పనిచేయాలన్న నిబంధన కూడా ఉంది. ఆ విభాగాల నుంచి వారానికి ఒక రోజు, మారకుండా అదే రోజు, ఏటూరునాగారంలో ఒక డాక్టరు కూర్చోవాలి. నిర్మల్ జిల్లా ముధోల్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1990ల నుంచే ఆపరేషన్ సెంటర్ నడుపుతున్నారు, చిన్న ఊళ్లో కుదరదన్న మాట నిలవదు. పరికరాలు కొన్నప్పుడు కన్ను పెద్దదిగా చేసి చూసే స్లిట్ ల్యాంప్‌కు రెండు స్పేర్ బల్బులు, ఒక ఇన్వర్టర్, ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం కలిపే కొనండి. బల్బు మాడి ఇండెంట్ మీద నెలలు గడిచే మిషన్ ఉన్నా లేనట్టే.

ఈ వానాకాలం కోతలకు ముందే ఏటూరునాగారం డివిజన్‌లో మొదలుపెట్టండి. నెలనెలా మూడే లెక్కలు అడగండి: చీటీ ఎందరికి, డాక్టరును చూసినవాళ్లెందరు, ఆరు వారాల తర్వాత చార్టు మీద ఎన్నో లైను చదివారు. కార్డు నమూనా, మండలం వారీ క్యాలెండర్, ఆశాలకు ఒకరోజు శిక్షణ పాఠం తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్ జిల్లాల్లో కంటి పరీక్షలు చేసే కొందరు ఆప్టోమెట్రిస్టులు, పారామెడికల్ ఆప్తాల్మిక్ సిబ్బంది