మందం ఎక్కడ పెట్టాలి

చిట్టీ,

నువ్వు పంపిన బొమ్మను ఫోనులో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. విశాఖ దగ్గరి మంగమారిపేట రాళ్లను ఎంచుకున్నందుకు సంతోషం. కుంచె పక్కనపెట్టి పేలెట్ నైఫ్, అదే రంగు పెట్టే కత్తి, పట్టినందుకు మరీ సంతోషం. అయితే ఆకాశం, నీళ్లు, రాయి అన్నీ ఒకే మందంలో ఉన్నాయి తల్లీ. అంతటా రంగు గుట్టలు పడితే రాయి బరువు కంటికి ఆనదు. ఆకాశాన్ని గీకినంత పలుచగా లాగేయి. మందమంతా రాతి అంచులకూ, అల విరిగే చోటుకూ దాచుకో.

విశాఖ తీరంలో ఆ రాయి ఖోండలైట్. ఇనుము ఉన్న గార్నెట్ అనే ఖనిజం అందులో ఉంటుంది కాబట్టి ఎండకూ వానకూ నాని ఎర్రబారుతుంది. నల్లరంగు ట్యూబు జోలికి పోకు. ఎర్రటి గోధుమరంగు బర్న్‌ట్ సియన్నాలో ముదురు నీలం అల్ట్రామెరైన్ కలుపు, అదీ సగం కలిసేంతవరకే. రెండు రంగులూ చారలుగా కనిపిస్తుండగానే కత్తి అంచున ఎత్తుకుని, పెనం మీద దోసె కిందికి అట్లకాడ దూర్చేంత వాలుగా పట్టి, రాతి పొరలు ఎటు వాలాయో అటే ఒక్కసారి లాగు. ఇక ముట్టుకోకు. సవరించబోయావంటే రంగులు కలిసిపోయి బురదవుతాయి. లాగిన ప్రతిసారీ కత్తి తుడవాలి. అందుకే అమ్మ పాత నూలుచీర చింపి ఇచ్చింది, పంపుతున్నాను.

ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే 1869లో ఫ్రాన్స్‌లోని ఎత్రెతా తీరంలో వేసిన అలలను వెతికి చూడు. కత్తితో రంగును ఎంత ధైర్యంగా పెట్టాడో! ముదురు అడుగు పూత మీద మొదలుపెట్టి వెలుగు వైపు రావడం ఆయన పద్ధతి. నువ్వూ తెల్లటి పలక మీద కాకుండా ఎర్రమట్టి రంగు పలుచగా పూసి, ఆరనిచ్చి మొదలుపెట్టు. కత్తి దాటేసిన సందుల్లో ఆ ఎరుపు తొంగిచూస్తే మన రాయికి అంతకంటే ఏం కావాలి!

పొద్దున్నే వెళ్లినట్టున్నావు. ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంటే గట్టు మీద నిలబడ్డవాళ్లకు రాళ్లు నల్లముద్దల్లాగే కనిపిస్తాయి. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లు. వెనకనుంచి ఏటవాలుగా పడే ఎండలో ఒక్కో పగులూ విడిగా తెలుస్తుంది.

కాన్వాసు బదులు ప్లైవుడ్ పలక వాడు. కత్తితో నొక్కితే కాన్వాసు లోపలికి దిగి వెనక చట్రం అచ్చు పడుతుంది. వార్నిష్ గురించి అడిగావు, ఇప్పుడే వద్దు. మందంగా వేసిన ఆయిల్ రంగు పైన ఆరినట్టున్నా లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది.

తరువాతి బొమ్మ ఫోటో కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా తీసి పంపు. మందం ఎక్కడ పెట్టావో, ఎక్కడ వదిలేశావో నాకు తెలియాలి.

నాన్న