మా శిల్పాల దగ్గరికి మమ్మల్ని వెళ్లనివ్వండి

గౌరవనీయులైన ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

ఒంగోలులోని ఒక హాలులో దివ్యాంగులైన మేం కొందరం చేసిన శిల్పాలు ప్రదర్శనలో ఉన్నాయి. పై అంతస్తులో పెట్టారు. లిఫ్టు లేదు, ర్యాంపు లేదు. శిల్పాలు పైకి వెళ్లాయి, చేసినవాళ్లలో చాలామంది కిందే ఉండిపోయాం. నిర్వాహకులకు ఇచ్చిన అర్జీలకు జవాబు రాకపోవడంతో అందరి ముందూ మీకు రాస్తున్నాను.

వాటిలో ఒకటి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటులో చెక్కిన మెట్ల వరుస. మొదటి మెట్టు మోకాలెత్తు, చివరిది నిలువెత్తు. చక్రాల కుర్చీలోంచి చూస్తే ఏ ఆఫీసు మెట్లయినా అలాగే ఉంటాయి. క్వారీలో కాలు పోగొట్టుకున్న మనిషి చెక్కాడు. రాయంతా నల్లగా నిగనిగలాడుతుంది. మెట్ల అంచులు మాత్రం చెయ్యి గీసుకుపోయేలా కావాలనే గరుకుగా వదిలేశాడు.

ఇంకొకటి చూపులేని అమ్మాయి మట్టితో చేసిన పెళ్లి పందిరి. అందులో ముఖాలన్నీ ఆమె గురించి మాట్లాడుతున్నాయి, ఒక్కటీ ఆమె వైపు తిరగలేదు. వేళ్లతో చేసిన పని అది, వేళ్లతోనే చూడాలి. ‘ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టి ఆమెనే ఆపేశారు. ఆ అమ్మాయి అక్కడే ఏడ్చేసింది.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 29వ సెక్షన్ ప్రకారం కళలను మాకు అందుబాటులోకి తేవడం ప్రభుత్వ బాధ్యత.

అయ్యా, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబరు 3 లోపు ప్రదర్శనను కింది అంతస్తుకు మార్పించండి. ఆ హాలుకు ర్యాంపు కట్టించండి. శిల్పాలను తాకి చూసేందుకు అనుమతిస్తూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
చీమకుర్తి నుంచి ఒక శిల్పి