గండిపేటకు గోదావరి సరే, మూసీ మాటేమిటి?

తెలంగాణ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి నీళ్లు తెచ్చే పనులకు 2025 సెప్టెంబరులో గండిపేట దగ్గరే శంకుస్థాపన జరిగింది. అందులో 2.5 టీఎంసీలు ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్‌లకిచ్చి మూసీని పారిస్తారట. సంతోషమే. కానీ పిలవకుండానే వచ్చే మూసీ, ఈసీ నదుల నీళ్లను ఏం చేయబోతున్నారు?

1908 మూసీ వరద హైదరాబాద్‌ను ఊడ్చేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో పుట్టినవే ఈ రెండు చెరువులూ. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపిన కట్టలే ఊరి దాహమూ తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదలడని ఊరికే అన్నారా!

ఇప్పటికీ ఆ నీళ్లు కాండ్యూట్‌లో, అంటే మూసి ఉన్న రాతి కాలువలో, పల్లానికి జారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్స్‌కి చేరతాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా తోడి తెస్తున్న జలమండలికి దీని విలువ నేను చెప్పాలా? అయినా ఆ కాండ్యూట్ గతి చూడండి. పక్కనే ఇళ్ల గోడలు లేచాయి, రాతి సందుల్లో రావి వేర్లు దిగాయి, అక్కడక్కడా నీళ్లు కారి రోడ్డెక్కుతున్నాయి.

ఎగువన ఇంకా అన్యాయం. 1996 నాటి జీవో 111 చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను ఆపింది. నగరం ఇప్పుడు వీటి మీద ఆధారపడట్లేదంటూ 2022లో జీవో 69 ఆ ఆంక్షలు ఎత్తేసింది. వాటా తగ్గిన మాట నిజమే, ఊరు అంత పెరిగింది మరి. అంతమాత్రాన తాగే నీళ్లు తాగనివైపోతాయా? 84 ఊళ్ల రైతులకు భూమి ధర దక్కలేదన్న బాధ న్యాయమైనదే. వాళ్లకు పరిహారమివ్వండి, విల్లాలకు అనుమతులు కాదు. వాగులు పూడ్చి వెంచర్లు వేస్తే గండిపేటకు చేరేది డ్రైనేజీయే. అందులో కోట్లు పోసి గోదావరి కలిపినా ఫలితమేముంటుంది?

జీవో 69ని రద్దు చేయండి. కాండ్యూట్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించి, లీకులు పూడ్పించండి. చెరువు దగ్గరికొచ్చే సెప్టిక్ ట్యాంకర్ల మీద రాత్రిళ్లు కూడా నిఘా పెట్టించండి. ఈ మూడింటికీ మల్లన్నసాగర్ పైపులైను అయ్యేదాకా ఆగక్కర్లేదు.

ఇట్లు,
ఆసిఫ్‌నగర్ నల్లా నీళ్లు తాగే ఓ హైదరాబాదీ