నాటే రోజుకు వచ్చినవాళ్లు కోత రోజుకూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

సామూహిక తోటల్లో పని చేస్తామని ముందుకొచ్చేవాళ్లు కనిపిస్తున్నారు. చాలా సంతోషం. అయితే నారు పెట్టే రోజున మడికి నలుగురు ఉంటారు, కోత రోజున నాలుగు మడులకు ఒక్కరుంటారు. ఇందువల్ల ఎన్ని కూరగాయలు మనుషుల దాకా చేరకుండానే పోతున్నాయో దగ్గరుండి చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

నేను ఉద్యోగమంతా ఒక ఆస్పత్రి మందుల స్టోరులో చేశాను. రిటైరయ్యాక ఒక సామూహిక తోటలో పంపకం పని చూస్తున్నాను. కోసుకొచ్చినవి తూచడం, వేరు చేయడం, ఎవరికి చేరాల్సినవి వాళ్లకు చేరేలా చూడడం నా పని. మందుల స్టోరులో ముందు గడువు తీరేది ముందు బయటికి పోవాలి. తోటలోనూ అదే లెక్క. కాకపోతే మందు డబ్బా మీద గడువు అచ్చువేసి ఉంటుంది, ఏడాదో రెండేళ్లో సమయం ఉంటుంది. ఆకుకూర కట్టకు ఉండేది కొన్ని గంటలు. అది ఎక్కడా రాసి ఉండదు, చేత్తో పట్టుకుని తెలుసుకోవాలి.

తెంపినంత మాత్రాన కూరగాయ శ్వాస ఆగిపోదు. తనలో దాచుకున్న చక్కెరలను ఖర్చు చేసుకుంటూ, నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటుంది. చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస రెండు మూడు రెట్లు వేగమవుతుంది. తెల్లవారుజామున కోసిన ఆకు రాత్రంతా తాగిన నీటితో బిగువుగా ఉంటుంది. అదే మడిలో మధ్యాహ్నం కోస్తే అప్పటికే ఎండ వేడి ఆకులోకి ఎక్కి ఉంటుంది, నీడకు తెచ్చినా వడలడం ఆగదు. అందుకే కోతకు తెల్లవారకముందే రమ్మని అడుగుతాం. చాలామంది దీన్ని మా పట్టుదల అనుకుంటారు. తొమ్మిదింటికి వస్తే కుదరదా అంటారు. కలుపు తీయడానికి కుదురుతుంది, ఆకుకూర కోతకు కుదరదు.

బెండ, చిక్కుడు, దోస లాంటి వాటికి ఇంకో గుణం ఉంది. కాయ లేతగా ఉండగానే తెంపుతూ ఉంటే మొక్క మళ్లీ మళ్లీ పూస్తుంది. కొన్ని కాయలు మొక్కమీదే ముదిరితే దాని బలమంతా గింజకు పోతుంది, కొత్త పూత తగ్గుతుంది. బెండకాయను రోజు విడిచి రోజు తెంపాలి. ఇంకో రెండు రోజులు ఆగితే పీచు పడుతుంది. ఆదివారం ఆదివారం వచ్చే బృందం ఎంత శ్రద్ధగా పనిచేసినా బెండ మడికి చాలదు. మధ్యలో మంగళవారం, గురువారం పొద్దున్నే ఎవరో ఒకరు వంగి తెంపాల్సిందే. ఒక వారం కోత తప్పితే ఆ వారం కాయలతో నష్టం తీరదు, తర్వాతి వారాల్లో రావలసినవీ తగ్గుతాయి.

తెంపిన తర్వాత కూడా పని చాలా ఉంది. పండిన టమాటా ఈథిలీన్ అనే వాయువును వదులుతుంది. ఆ గాలి తగిలితే పక్కనున్న ఆకుకూర, దోసకాయ తొందరగా పసుపెక్కుతాయి. కాబట్టి వాటిని వేరే చోట పెట్టాలి. టమాటాను 12 డిగ్రీల కన్నా చల్లగా ఎక్కువసేపు ఉంచితే రుచి దెబ్బతింటుంది. ఆకుకూరకేమో సున్నాకు దగ్గరగా చల్లదనం, గాలిలో బాగా తేమ కావాలి. ముల్లంగి, క్యారెట్ పీకిన వెంటనే పైన ఆకు తుంచేయాలి, లేకపోతే ఆ ఆకు దుంపలోని నీటిని లాగేస్తుంది. కడిగిన ఆకును తడి ఆరకుండా సంచిలో మూట కట్టకూడదు, కుళ్లుతుంది. శీతల గది లేని తోటలో గాలి ఆడే నీడ, తడిపిన గోనెపట్టాలు, త్వరగా కదిలే చేతులు ఉంటే చాలు. మొదటి రెండూ మా దగ్గర ఉన్నాయి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో అది 19 శాతం. ఇక కోత దాటి దుకాణం చేరేలోపే పోయేది మరో 13 శాతం ఉంటుందని ఆహార వ్యవసాయ సంస్థ అంచనా. ఆ 13 శాతం గురించి చదివినప్పుడల్లా నాకు పెద్ద గోదాములు, లారీలు కాదు, మా మడిలో ముదిరిపోయిన కాయలే గుర్తొస్తాయి. పెంచినవాళ్ల శ్రమ, పోసిన నీళ్లు, వేసిన ఎరువు అన్నీ ఖర్చయ్యాక చివరి అంగలో ఆగిపోవడం అది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ప్రజలు పెరళ్లలో, ఖాళీ స్థలాల్లో వేసిన కూరగాయల తోటలు దాదాపు 2 కోట్లు ఉండేవని, ఆ దేశంలో అప్పుడు తిన్న తాజా కూరగాయల్లో సుమారు 40 శాతం వాటి నుంచే వచ్చేవని అంచనాలు ఉన్నాయి. ఈ సంగతి చాలామంది చెబుతారు. దాని పక్కనే జరిగిన పని గురించి తక్కువ చెబుతారు. పండినదంతా ఒకేసారి చేతికొస్తే పాడవుతుందని, కూరగాయలను సీసాల్లో, డబ్బాల్లో నిలవచేసుకోవడానికి అక్కడ ఉమ్మడి కేంద్రాలు నడిపారు, ఆ పని నేర్పే మనుషులను పెట్టారు, రేషన్ ఉన్న రోజుల్లో కూడా పండ్లు నిలవచేసే ఇళ్లకు చక్కెర అదనంగా ఇచ్చారు. నాటమని చెప్పినవాళ్లే పండింది ఏమవుతుందో కూడా ఆలోచించారు.

జపాన్‌లో 1970లలో రైతులూ, వినియోగదారులూ నేరుగా చేతులు కలిపి నడుపుకున్న 'తెయ్‌కెయ్' పద్ధతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1978లో వాళ్లు రాసుకున్న పది సూత్రాల్లో రెండు నాకు చాలా ఇష్టం. రైతు పండించినదంతా వినియోగదారులు తీసుకోవాలన్నది ఒకటి. సరుకును బయటి రవాణాదారులకు వదలకుండా రైతులో, వినియోగదారుల బృందాలో తామే మోసి పంచుకోవాలన్నది రెండోది. మోసే పని తినేవాళ్లది కూడా అని వాళ్లు ముందే రాసుకున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోనూ న్యూహాంప్‌షైర్‌లోనూ సభ్యులు ముందుగా డబ్బు కట్టి పంటలో వాటా తీసుకునే తోటలు మొదలయ్యాయి. ఇప్పుడు అలాంటి తోటలు కొన్నింటిలో డబ్బు కట్టలేనివాళ్లు పని గంటలతో తమ వాటా తీసుకునే వీలుంది. ఇంగ్లండులోని టాడ్‌మోర్డెన్ అనే చిన్న పట్టణంలో 2008 నుంచి పోలీసు స్టేషను ముందు, రోడ్ల పక్కన మడులు వేసి ఎవరికి కావాల్సింది వాళ్లే కోసుకోమన్నారు. ఎవరి దారి వాళ్లది. కానీ కోసే చెయ్యి ఎవరిదో తేల్చుకోని తోట ఇందులో ఒక్కటీ లేదు.

పంపకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నా మనసు ఉన్నది అక్కడే. కొన్ని చోట్ల మంచివి వలంటీర్లు పట్టుకెళ్లాక మిగిలినవి, మచ్చలున్నవి, వడలినవి అవసరమున్న ఇళ్లకు పంపుతారు. ఇది నాకు ససేమిరా ఇష్టం ఉండదు. మా తోటలో మొదట మోసేది వాళ్ల బుట్టలే. కాయ వంకరగా ఉంటే, తోలు మీద చిన్న గీత ఉంటే ఆ కాయ మా ఇళ్లకు వస్తుంది, దాని రుచికేమీ తక్కువ కాదు. బల్ల మీద క్రేట్లు పరిచి ఉంచుతాం, వచ్చినవాళ్లు తామే ఏరుకుంటారు. ముందే కట్టిన సంచి చేతిలో పెడితే వద్దన్న కూర కూడా మొహమాటానికి తీసుకుపోతారు, అది వాళ్లింట్లో పాడవుతుంది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లు గట్టి దుంపలు తీసుకోరు, లేత ఆకు అడుగుతారు. చిన్నపిల్లలున్నవాళ్లు పచ్చివే తినగలిగిన క్యారెట్లు, టమాటాలు ముందు చూస్తారు. అడిగితే తెలియదు కానీ ఏరుకునేటప్పుడు చూస్తే ఎవరికేం కావాలో తెలుస్తుంది. కార్డు చూపించమని అడగం. ఫోటోలు తీయనివ్వం. ఈ విషయంలో కొందరు దాతలు నా మీద కోపం తెచ్చుకున్నారు, అయినా నా మాట అదే.

మొదట కూర తీసుకోవడానికే వచ్చిన ఒకావిడ రెండు మూడు వారాలయ్యాక నా పక్కన కూర్చుని కట్టలు కట్టడం మొదలుపెట్టింది. ఆకు వేళ్లు ఒకే వైపుకు సర్ది, మట్టి దులిపి, మరీ బిగించకుండా ముడి వేస్తుంది. బిగిస్తే కాడ నలిగి అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుందని ఆవిడే చెప్పింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన వలంటీర్లకు కట్ట కట్టడం నేర్పేది ఆవిడే. "పెద్దమ్మా, నువ్వు తూకం చూసుకో, వీళ్ల సంగతి నేను చూస్తా" అంటుంది నాతో. కూర తీసుకోవడానికి వచ్చేవాళ్లలో పని తెలిసిన చేతులు ఎన్నో ఉన్నాయి. వాళ్లను వరసలో నిలబెట్టి సంచి చేతికిచ్చి పంపేస్తే ఆ చేతులు మనకు ఎప్పటికీ కనిపించవు.

పూర్వం యూదుల ధర్మంలో పొలం అంచులు పూర్తిగా కోయొద్దని, రాలిన పరిగె ఏరుకోవద్దని, వాటిని బీదలకూ పరదేశులకూ వదిలేయమని ఒక నియమం ఉండేది. వదిలేసినది ఏరుకోవడం వాళ్ల హక్కు, ఎవరినీ చేయి చాచి అడగనక్కర్లేదు. పంపకం బల్ల దగ్గర నాకు కావాల్సిన మర్యాద అదే.

పోతే పోయింది, ఎలాగూ కంపోస్టు అవుతుంది కదా అనే మాట తోటల్లో తరచు వింటాను. తొక్కలు, తొడిమలు, పురుగు పట్టినవి ఎరువు కుప్పలోకి పోవాల్సిందే. కానీ తినదగిన కూరగాయలు అందులో పడితే కుప్పకు కూడా మేలు కాదు. పచ్చి చెత్తలో ఎక్కువుండే నత్రజని ఒక పాలైతే, ఎండుటాకుల్లో ఎక్కువుండే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉంటేనే కుప్ప సరిగా వేడెక్కి మగ్గుతుంది. నీరున్న పచ్చి కాయలే కుమ్మరిస్తే, తగినన్ని ఎండుటాకులు లేకపోతే, ముద్దకట్టి దుర్వాసన వస్తుంది. డబ్బిస్తాం, మనుషులను పెట్టుకోండి అనే మంచి మనసులూ ఉన్నాయి. బావి పూడిక తీయాలంటే, కంచె వేయాలంటే కూలి ఇచ్చి చేయించుకోవడమే న్యాయం. కోత మాత్రం ఒక్కో రోజు గంట, ఒక్కో రోజు మూడు గంటలు, వానొస్తే అసలు ఉండదు. దగ్గర్లో ఉండి, పిలిస్తే వచ్చే పదిమంది ఉంటేనే అది సాగుతుంది.

అందుకని నా విన్నపం. వారంలో ఏదైనా ఒక పనిరోజు, ఉద్యోగానికి వెళ్లకముందు గంటన్నర ఇవ్వగలిగినవాళ్లు మీకు దగ్గర్లోని తోటకు చెప్పండి. ఆ ఒక్క రోజు తప్పకుండా వస్తే చాలు, మిగతా రోజులు ఇంకొకరు చూసుకుంటారు. వంగలేనివాళ్లకు కూర్చుని చేసే పని ఉంది: ఏరడం, కట్టడం, తూకం రాయడం. స్కూటరో ఆటోనో ఉన్నవాళ్లు రోజూ వెళ్లే దారిలోనే ఒక క్రేటు దింపి వెళ్లగలరు, మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు కూర చేరేది అలాగే. కంపెనీల నుంచి బృందాలుగా వచ్చేవాళ్లు ఒకే రోజు యాభైమంది రాకుండా ఐదుగురు చొప్పున పది తెల్లవారుజాములు పంచుకుంటే మాకు ఎంతో ఉపయోగం. మీ పత్రిక వారానికి ఒకసారి, ఏ తోటలో ఏ రోజు కోత, ఎన్నింటికి రావాలి అని రెండు మూడు పంక్తులు వేయగలిగితే వివరాలు పంపించే బాధ్యత తోటలవాళ్లు తీసుకుంటారు, ఆ మాట నేను ఇస్తాను.

వచ్చేవాళ్లకు రెండు మూడు మాటలు. విరేచనాలో వాంతులో అయిన రోజున దయచేసి రావద్దు, మన చేతి మీదుగా వెళ్లే ఆకు ఎంతోమంది పిల్లల పళ్లెంలోకి పోతుంది. మడిలోకి దిగేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బెండ కోసేవాళ్లు పొడుగు చేతుల చొక్కా వేసుకుని రండి, నూగు తగిలితే చేతులు దురదపెడతాయి. కత్తెరలు, బుట్టలు తోటలోనే ఉంటాయి.

ఇట్లు,
సామూహిక తోటలో పంపకం చూసే ఒక రిటైర్డ్ ఆస్పత్రి ఉద్యోగిని