అండమాన్ చెట్టు తొర్రలో ఒక కప్ప: కేంద్ర పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

నేను చెన్నై పెరంబూరులో ఉంటాను. మాది శ్రీకాకుళం వైపు ఊరు. మా పిన్నీ బాబాయీ మాత్రం చాలా ఏళ్ల క్రితమే అండమాన్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఇక్కడ హార్బర్‌లో ఓడెక్కితే దాదాపు మూడు రోజుల ప్రయాణం.

పోయిన వానాకాలం వెళ్లినప్పుడు, ఒక రాత్రి వాన కాస్త తెరిపిచ్చాక బాబాయి టార్చి పట్టుకుని ఇంటి వెనక అడవి అంచున ఉన్న ముసలి చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. తొర్రలో నల్లటి నీళ్లు, మీద రెండు కుళ్లిన ఆకులు. లోపలి గోడకి అతుక్కుని మట్టిరంగులో బొటనవేలంత కప్ప. లైటు పడగానే అరుపు ఆపేసింది.

చెన్నై వచ్చాక అండమాన్ కప్పల గురించి దొరికినవన్నీ చదివాను. చార్లెస్ డార్విన్ పేరు పెట్టిన కప్ప ఒకటి ఉంది, 1998లో శాస్త్రానికి తెలిసింది, అండమాన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆడదీ మగదీ నీళ్లలోంచి పైకొచ్చి, తొర్ర గోడ మీద తలకిందులుగా వేలాడుతూ అక్కడే గుడ్లు పెడతాయట. పిల్లలు బయటికి రాగానే కింద నీళ్లలోకి జారిపోతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, హార్వర్డ్ వాళ్లు, ఇంకొందరు కలిసి మూడేళ్లు వానాకాలం రాత్రుళ్లు కాపు కాసి చూసి 2025లో ఈ సంగతి రాశారు. అదే పరిశోధనలో నాకు బాధ కలిగించిన మాట ఇంకోటుంది. ఇవి మొక్కల ప్లాస్టిక్ సంచుల్లో, పారేసిన డబ్బాల్లో నిలిచిన వాననీళ్లలో కూడా గుడ్లు పెడుతున్నాయట. సరైన తొర్రలు దొరక్క కావచ్చని వాళ్ల అనుమానం.

గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కట్టే ప్రాజెక్టుకి దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇచ్చి, బదులుగా హర్యానాలో చెట్లు పెంచుతామన్నారు. ఈ కప్ప అండమాన్‌ది, నికోబార్‌ది కాదు, నాకు తెలుసు. కానీ లెక్క కట్టే పద్ధతి ఒక్కటే కదా అని టెన్షన్. అండమాన్‌లో రేపు రోడ్డుకో రిసార్టుకో అడవి అడిగితే, చెట్టుకి చెట్టు అని ఇదే లెక్క వేస్తారా? చెట్టుకి ఏళ్లు మీదపడి, కొమ్మ విరిగి, విరిగిన చోట కుళ్లి, ఆ గుంటలో వాననీళ్లు నిలిస్తేనే ఈ కప్పకి ఇల్లు. ఇవాళ నాటిన మొక్కకి ఆ తొర్ర ఎన్నేళ్లకి వస్తుందో చెప్పండి సార్.

నేను అడిగేవి రెండే. దీవుల్లో ఏ అడవికైనా అనుమతి ఇచ్చే ముందు సర్వే వానాకాలంలో, రాత్రిపూట చేయించండి, ఎండాకాలం పగలు వెళ్తే ఈ కప్పలు కంటపడవు. చెట్లు లెక్కపెట్టేటప్పుడు తొర్రలున్న ముసలి చెట్లని విడిగా రాయించి, వాటికి గుర్తు వేసి వదిలేయమనండి.

జూన్‌లో మళ్లీ వెళ్తున్నాం. ఆ చెట్టు ఇంకా ఉందనే బాబాయి ఫోన్‌లో చెప్పాడు.