కుబిలియస్ గారూ, మా అబ్బాయి ప్రశ్నకి జవాబు చెప్పండి

గౌరవనీయులైన ఆండ్రియస్ కుబిలియస్ గారికి,
రక్షణ, అంతరిక్ష వ్యవహారాల కమిషనర్, యూరోపియన్ కమిషన్, బ్రస్సెల్స్.

నమస్కారమండీ.

మా అబ్బాయికి 18 నిండగానే జర్మన్ సైన్యం నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఒక క్యూఆర్ కోడ్ ఉంది. 2008లోనూ ఆ తరవాతా పుట్టిన మగపిల్లలు ఆ ప్రశ్నపత్రం నింపి తీరాలని 2026 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం చెబుతోంది. ఆడపిల్లలకి ఇష్టమైతేనే. ఎత్తెంత, బరువెంత, ఏం చదివావు, ఒంట్లో ఎలా ఉంటుంది, సైన్యంలో చేరాలని ఎంత ఆసక్తి ఉంది, ఇవీ ప్రశ్నలు. వాడు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో గబగబా నింపుకుంటూ పోయి, ఆసక్తి దగ్గర ఆగిపోయాడు. "అమ్మా, యూరప్ మొత్తానికీ ఒకటే ఆర్మీ పెడతామంటున్నారుగా. అప్పుడు నన్ను వెళ్ళమని చెప్పేదెవరు? బెర్లినా, బ్రస్సెల్సా?" అన్నాడు. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాను గానీ, వాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే, లక్ష మంది స్థాయిలో యూరప్‌కి ఒక ఉమ్మడి దళం ఉండాలంటున్న మీకు రాస్తున్నాను.

ఈ లేఖని జర్మన్‌లో మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో రాయడానికి కారణం, జర్మనీలో మా లాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగానికని వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, ఇండియా పాస్‌పోర్ట్ వదులుకుని ఈ దేశం పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్ళం. మా పిల్లలు 18కి వస్తున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఈ ఉత్తరం గురించే టెన్షన్. వాళ్ళూ చదవాలి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఉమ్మడి సైన్యానికి వ్యతిరేకిని కాను. మీది లిథువేనియా. 1991 జనవరి 13న మీ రాజధాని విల్నియస్‌లో టీవీ టవర్ దగ్గర సోవియట్ ట్యాంకులకి అడ్డంగా నిలబడ్డ జనం మీ జనం. ఆ రాత్రి దాడిలో 14 మంది చనిపోయారు. పక్కింటివాడు మీద పడితే ఏమవుతుందో మీకు పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేదు. ఇప్పుడు మీ దేశంలో జర్మనీ ఒక బ్రిగేడ్‌ని శాశ్వతంగా నిలబెడుతోంది. 2027కల్లా 5 వేల మంది దాకా అక్కడ ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత జర్మనీ ఇలా పరాయి దేశంలో సైన్యాన్ని కాపురం పెట్టడం ఇదే మొదలు. మా అబ్బాయి సైన్యంలో చేరితే విల్నియస్‌కే వెళ్ళొచ్చు. వెళ్తే, వెళ్ళాల్సిన చోటికే వెళ్ళాడనుకుంటాను. నా బాధ అది కాదు.

ఉమ్మడి సైన్యం మాట వచ్చినప్పుడల్లా "ప్రజలు మావైపే ఉన్నారు" అని నాయకులంటారు. సర్వే అంకెలు చూపిస్తారు. ఆ అంకెల్ని నేనూ చూశాను. యూరోపియన్ యూనియన్ తరఫున జనాభిప్రాయం అడిగే యూరోబారోమీటర్ 2017లో ఒకే సర్వేలో రెండు ప్రశ్నలు అడిగింది. ఉమ్మడి భద్రత, రక్షణ విధానం కావాలా అంటే నూటికి 75 మంది కావాలన్నారు. యూరోపియన్ సైన్యం కావాలా అంటే ఆ 75 కాస్తా 55కి దిగింది. మనుషులు వాళ్ళే, సర్వే అదే. "విధానం" అన్న మాట తీసి "సైన్యం" అన్న మాట పెట్టేసరికి ఇరవై మంది వెనక్కి తగ్గారు. అంతకు రెండేళ్ళ ముందు, 2015లో, గాలప్ ఇంటర్నేషనల్ అనే సర్వే సంస్థ ఇంకా సూటిగా అడిగింది: నీ దేశం కోసం నువ్వు యుద్ధం చేస్తావా అని. చేస్తామన్నవాళ్ళు జర్మనీలో 18 శాతం, ఇటలీలో 20, నెదర్లాండ్స్‌లో 15. రష్యా సరిహద్దున ఉన్న ఫిన్లాండ్‌లో మాత్రం 74. ఆ తరవాత ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, మనసులు మారి ఉంటాయి, నిజమే. కానీ "సైన్యం కావాలి" అనడం వేరు, "అందులో నేనుంటాను, లేదా నా కొడుకుంటాడు" అనడం వేరు. మొదటిదానికి వచ్చిన జవాబుని రెండోదానికి వాడుకోకూడదు.

ఆఫీసులో నా పక్క సీటావిడకి ఇద్దరు మగపిల్లలు. ఉమ్మడి సైన్యం కావాలా అంటే ఆలోచించకుండా "కావాలి" అంటుంది. మీ పిల్లల్ని పంపుతారా అంటే కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆ రెండు మాటలూ మనస్ఫూర్తిగా అన్నవే. మీ లెక్కల్లోకి మొదటి మాటే ఎక్కుతోంది.

అమెరికాలో 50 రాష్ట్రాలకి 50 సైన్యాలుంటే ఆ దేశం ఇంత బలంగా ఉండేదా అని మీరు అడిగారు. మంచి ప్రశ్నే. నేను పుట్టిన దేశంలో కూడా ఇన్ని రాష్ట్రాలకి ఒకటే సైన్యం. తమిళుడూ, తెలుగువాడూ, మలయాళీ, కన్నడిగుడూ ఒకే మద్రాస్ రెజిమెంట్‌లో పక్కపక్కన పడుకుంటారు. భాష అడ్డం రాలేదు. ఎందుకు రాలేదంటే, వాళ్ళందరి ఇళ్ళవాళ్ళూ ఓటేసి ఎన్నుకున్న పార్లమెంటు ఒకటుంది, దానికి జవాబు చెప్పాల్సిన ప్రభుత్వం ఒకటుంది. అమెరికాలోనూ అంతే, ముందు కాంగ్రెస్ ఉంది. మీరు సైన్యాన్ని పోల్చి చూపించారు గానీ, దాని మీద ఉండాల్సిన ఆ పార్లమెంటు సంగతి ఎత్తలేదు.

మా అబ్బాయి అడిగింది సరిగ్గా ఇదే. ఇవాళ్టి సంగతి చూడండి. జర్మన్ సైన్యాన్ని విదేశాల్లో పోరుకి పంపాలంటే జర్మన్ పార్లమెంటు, అంటే బుండెస్టాగ్, ఓటెయ్యాలి. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం అలా తీర్పిచ్చింది. యూనియన్ నియమాల్ని మార్చిన లిస్బన్ ఒప్పందం వచ్చినప్పుడు, 2009లో, యూరోపియన్ యూనియన్ ఎంత ముందుకెళ్ళినా ఈ అధికారం జర్మన్ పార్లమెంటుదేనని మళ్ళీ చెప్పింది. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు ఆజ్ఞ ఇచ్చి, మూడు రోజుల్లోగా పార్లమెంటుకి కబురు చెబితే చాలు. నాలుగు నెలలు దాటితేనే పార్లమెంటు అనుమతి కావాలి. ఐర్లాండ్ సంగతి ఇంకా వేరు. అక్కడ ఉమ్మడి రక్షణలో చేరడాన్ని రాజ్యాంగమే అడ్డుకుంటోంది, చేరాలంటే ప్రజల్ని ఓటడగాలి. వీళ్ళ సైనికులంతా ఒకే దళంలో ఉన్నారనుకోండి. ఒక రాత్రి అత్యవసరంగా కదలాల్సి వచ్చింది. పారిస్ సరే అంటుంది, బెర్లిన్ ఓటింగ్ పెట్టాలంటుంది, డబ్లిన్ కుదరదంటుంది. ఆ దళంలో ఉన్న కుర్రాడు ఎవరి మాట వినాలి?

మీ దగ్గరున్న ఉమ్మడి దళాలు ఇప్పటికే దీనికి జవాబు చెప్పాయి. తలా 1500 మంది ఉండే యూరోపియన్ బ్యాటిల్‌గ్రూపులు 2007 నుంచి సిద్ధంగా ఉన్నాయి. దేశాల మధ్య వంతులు మారతాయి, కసరత్తులు చేస్తాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా యుద్ధరంగంలోకి దిగలేదు. అంతకు ముందు 1999లో హెల్సింకీలో యూనియన్ నాయకులు, 60 రోజుల్లో 60 వేల మందిని దించుతామన్నారు. దానికీ అదే గతి పట్టింది. ట్యాంకులూ తుపాకులూ ఉన్నాయి. "వెళ్ళండి" అని అందరి తరఫునా అనగలిగే నోరు మాత్రం లేదు.

అయితే కలిసి పనిచెయ్యడం అసాధ్యమని నేననడం లేదు. మా ఊరు త్సెల్లెకి కొద్ది దూరంలో లోహైడే అనే చోట ఒక ట్యాంకు బెటాలియన్ ఉంది, 414 దాని నంబరు. అందులో జర్మన్లూ డచ్చివాళ్ళూ కలిసి పనిచేస్తారు. డబ్బుల్లేక 2011లో నెదర్లాండ్స్ తన ట్యాంకులన్నీ వదిలేసుకుంది. తరవాత జర్మనీ దగ్గర 18 లెపర్డ్ ట్యాంకులు అద్దెకి తీసుకుని, తన మనుషుల్ని ఈ బెటాలియన్‌లో చేర్చింది. శనివారం పూట రొట్టెల షాపు క్యూలో వాళ్ళు కనబడుతుంటారు. భుజం మీద ఒకడికి ఈ జెండా, ఒకడికి ఆ జెండా. ఒకడు డచ్‌లో అడుగుతాడు, పక్కవాడు జర్మన్‌లో జవాబిస్తాడు, ఇద్దరూ నవ్వుకుంటూ సంచులు పట్టుకుని బయటికెళ్తారు. రెండు దేశాలు ఎదురెదురుగా కూర్చుని, ఎవరి బాధ్యత ఏమిటో మాట్లాడుకుని ఒప్పుకున్నాయి కాబట్టి అది నడుస్తోంది.

1954లో నడవనిది కూడా గుర్తుచేస్తాను. 1952 మే 27న పారిస్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ యూరోపియన్ రక్షణ సముదాయం ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒకే సైన్యం, ఒకే యూనిఫాం. ఆ ఆలోచన ఫ్రాన్స్‌దే, 1950లో ప్రధాని ప్లెవెన్ తెచ్చినది. 1954 ఆగస్టు 30న దాన్ని కూలదోసింది కూడా ఫ్రాన్స్ పార్లమెంటే, 319 మంది కాదని, 264 మంది ఔనని. జనరల్ డి గాల్ అనుచరులూ కమ్యూనిస్టులూ ఒక్కటై దానికి వ్యతిరేకంగా ఓటేశారు. మధ్యలో స్టాలిన్ చనిపోయాడు, కొరియా యుద్ధం ఆగింది, భయం కాస్త తగ్గింది. భయంలో సంతకం పెట్టినవాళ్ళు భయం తగ్గగానే "మన సైన్యం ఇక మనది కాదా?" అని అడిగారు. అప్పుడు జవాబు సిద్ధంగా లేదు. ఇవాళ భయం మళ్ళీ వచ్చింది. 2025లో రక్షణ కోసం 800 బిలియన్ యూరోల ప్రణాళిక ప్రకటించారు. డబ్బు వేగంగా కదులుతోంది, ఆయుధాల ఆర్డర్లు వేగంగా కదులుతున్నాయి. 70 ఏళ్ళ కిందటి ఆ ప్రశ్న మాత్రం ఉన్న చోటే ఉంది.

నాకు ఇది ఇంత ఎందుకు గుచ్చుకుంటుందో చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళది పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం పక్కన. అక్కడ మాధవరం అనే ఊరుంది, అందరూ మిలటరీ మాధవరం అంటారు. తరాలుగా ఇంటింటా సైనికులే. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మగవాళ్ళు వెళ్ళారు. ఊళ్ళో స్మారకం కూడా ఉంది. ఇక్కడికొచ్చాక ఒక వేసవిలో ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్‌కి వెళ్ళాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పశ్చిమ రంగంలో చనిపోయి, సమాధి కూడా లేని భారత సైనికుల స్మారకం అక్కడుంది. పొడవాటి స్తంభం మీద తామర పువ్వు, అటూ ఇటూ రాతి పులులు, చుట్టూ గుండ్రంగా గోడ. ఆ గోడ మీద 4,700కి పైగా పేర్లున్నాయి. చుట్టూ బీట్‌రూట్ పొలాలు, గాలి. మా అబ్బాయి అప్పుడు చిన్నవాడు, గోడ మీద వేలు పెట్టి పేర్లు కూడబలుక్కుంటూ చదివాడు. వాళ్ళు పిరికివాళ్ళు కారు, చాలామంది ఇష్టపడే చేరారు కూడా. కానీ వాళ్ళని అక్కడికి పంపిన ప్రభుత్వాన్ని వాళ్ళ అమ్మానాన్నలు ఎన్నుకోలేదు. ఆ యుద్ధం చెయ్యాలా వద్దా అని లండన్‌లో మాట్లాడుకున్నారు, మాధవరంలో ఎవరూ అడగలేదు. మీ యూనియన్ ఆ సామ్రాజ్యం కాదు, నాకు తెలుసు. ఆ తేడా కాగితం మీద రాసి, చట్టంగా కనబడాలని మాత్రం అడుగుతున్నాను.

ప్రజలకి ఇవన్నీ అర్థం కావని మీ సలహాదారులు ఎవరైనా అంటే, వాళ్ళకి డెన్మార్క్‌ని చూపించండి. యూరోపియన్ రక్షణ విధానంలో చేరబోమని ముప్పై ఏళ్ళు దూరంగా ఉండిపోయిన దేశం. రష్యా ఉక్రెయిన్ మీద పడిన నాలుగు నెలల్లోపే, 2022 జూన్ 1న, జనాన్ని సూటిగా అడిగారు. 66.9 శాతం చేరదామన్నారు. అడిగితే జవాబిస్తారండీ. కొన్నిసార్లు మీకు కావలసిన జవాబే ఇస్తారు.

ఇంకో చోట కూడా ఇచ్చారు. దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. యూరప్ భవిష్యత్తుపై 2021, 22లో పెద్ద సదస్సు జరిగింది. 27 దేశాల నుంచి 800 మంది మామూలు మనుషుల్ని లాటరీలా ఎంపిక చేసి, నాలుగు బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. 2022 మే 9న స్ట్రాస్‌బర్గ్‌లో 49 ప్రతిపాదనలు మీ పెద్దల చేతికిచ్చారు. వాటిలో 23వది ఉమ్మడి సాయుధ బలగాల గురించే. కావాలన్నారు. ఊరికే కావాలనలేదు, షరతులు పెట్టారు. ఆత్మరక్షణకే వాడాలి, దురాక్రమణకి ఏ రూపంలోనూ వాడకూడదు. వరదలూ భూకంపాల్లాంటి విపత్తుల్లో సాయానికి రావాలి. యూరప్ హద్దులు దాటాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అనుమతి ఉండాలి. ఏ పెద్ద చదువుల ధీమా లేకుండా, పరాయి భాషల్లో అనువాదకుల సాయంతో మాట్లాడుకుని, మంత్రులు తేల్చలేనిది వాళ్ళు తేల్చారు. మీరు ప్రసంగాల్లో "ప్రజల మద్దతు" అన్నప్పుడు ఆ షరతులు కూడా చదవండి. షరతులు తీసేస్తే అది వాళ్ళిచ్చిన మద్దతు కాదు.

కాబట్టి నేను మీ నుంచి కోరేది పెద్ద సంగతేమీ కాదు. లక్ష మంది స్థాయి ఉమ్మడి దళం గురించి మీరు ప్రతిపాదన పెట్టే రోజున, దాని మొదటి పేజీలోనే మూడు మాటలు ఉండాలి. ఆ దళాన్ని కదిలించే ఓటు ఎవరిది, యూరోపియన్ పార్లమెంటుదా, దేశాల పార్లమెంట్లదా, రెండిటిదీనా. ఒక దేశం పార్లమెంటు వద్దంటే ఆ దేశపు సైనికులు ఏం చెయ్యాలి. తప్పుడు ఆజ్ఞ ఇస్తే ఏ కోర్టులో ఎవరు నిలబడాలి. తరవాత యూరోబారోమీటర్‌లో ఆ పేజీ చదివి వినిపించి జనాన్ని అడగమనండి. శాతం తగ్గొచ్చు. 75 కాకుండా 50 రావచ్చు. ఆ 50 మంది మాత్రం ఏం ఒప్పుకుంటున్నారో తెలిసి ఒప్పుకున్నవాళ్ళవుతారు, ఆపద రోజున వెనక్కి చూసుకోకుండా వాళ్ళని నమ్ముకోవచ్చు. ఎలాగూ ఉమ్మడి రక్షణకి 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలని, ఆ తరవాత ఏ దేశం రాజ్యాంగం ప్రకారం ఆ దేశం ఆమోదించాలని యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని 42వ అధికరణమే చెబుతోంది. చివర్లో అడగక తప్పని మాటని మొదట్లోనే అడగమంటున్నాను.

మా అబ్బాయి ఆ రోజు ప్రశ్నపత్రం పూర్తిచేసి పంపేశాడు. ఆసక్తి దగ్గర ఏం పెట్టాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు, అది వాడి ఇష్టం. ఇప్పటికైతే సైన్యంలో చేరడం స్వచ్ఛందమే. తప్పనిసరి చెయ్యాలంటే బుండెస్టాగ్ మళ్ళీ ఓటెయ్యాలి, ఆ ఓటేసేవాళ్ళ పేర్లు మాకు తెలుస్తాయి. 2027 జులై నుంచి వాడి ఈడు మగపిల్లలందరికీ వైద్య పరీక్ష తప్పనిసరి అవుతుంది. వాడు ఆ పరీక్షకి వెళ్ళేలోపు మీ జవాబు నాకు చేరితే, వంటింట్లో అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
త్సెల్లె నుంచి ఒక తల్లి