దివాన్ గొప్పలు సరే, వయలార్ మృతుల మాటేమిటి?

సంపాదకులకు,

గత ఆదివారం ఇప్పటి కేరళలోని తిరువాన్కూరు సంస్థానానికి దివాన్‌గా చేసిన సర్ సి.పి. రామస్వామి అయ్యర్ మీద మీరు వేసిన వ్యాసం చదివి మనసు చివుక్కుమంది. 1936 ఆలయ ప్రవేశ ప్రకటన, పల్లివాసల్ జలవిద్యుత్ కేంద్రం, యూనివర్సిటీ అన్నీ రాశారు. కాదనను, ఆయన హయాంలో జరిగినవే. మరి 1946 అక్టోబర్ ఏమైంది? అంత పెద్ద వ్యాసంలో కార్మికుల మీద కాల్పులు జరిగిన పున్నప్ర, వయలార్ పేర్లే లేవు!

అలప్పుజ, చేర్తల వైపు కొబ్బరి పీచు (కాయిర్) కార్మికులు, కూలీలు, గీత కార్మికులు, జాలర్లు వాళ్లు. పీచు పని ఎలాంటిదో మా కోనసీమలో ఒకరు చెప్పక్కర్లేదు. నెలల తరబడి నీళ్లలో నానిన డొక్కల్ని ఆడవాళ్లు కర్రలతో బాదుతుంటే ఆ కుళ్లు వాసన ఒంటిని పట్టి వదలదు. అంత చేసినా యుద్ధకాలపు బియ్యం కరువులో కడుపు నిండేది కాదు. పైగా దివాన్ ‘అమెరికన్ మోడల్’ అంటూ ఓటు ఇస్తాడట, తనను దించే హక్కు మాత్రం ఇవ్వడట. ఎవరు ఒప్పుకుంటారు?

24న పున్నప్ర పోలీసు క్యాంపు మీదికి వెళ్లారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి, ఎస్సై కూడా చనిపోయాడు, దాచాల్సిన పనిలేదు. మర్నాడే మార్షల్ లా పెట్టారు. 27న సైన్యం పడవల్లో వచ్చి వయలార్‌ను చుట్టుముట్టి కాల్చింది. చుట్టూ నీళ్లే, ఎటు పారిపోతారు? వాళ్ల చేతుల్లో ఉన్నవి పోకచెట్టు బద్దలకు మొన తీసిన ఈటెలు. ఎంతమంది పోయారో ఈ రోజుకీ లెక్క తేలలేదు.

ఆ దివానే 1947 జూన్‌లో తిరువాన్కూరు స్వతంత్రంగా ఉంటుందన్నారు. నిజాం పట్టిన దారీ అదే. నిజాం రాజ్యంలోని కడవెండిలో తెలంగాణ రైతాంగ పోరాటంలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైంది కూడా ఆ 1946లోనే, జూలై 4న. తెలుగు పత్రికకు ఈ పోలిక తట్టకపోవడం ఇంకా బాధ.

అసలు పేదవాళ్ల పోరాటమంటే అందరికీ చులకనే. వయలార్ వాళ్లది స్వాతంత్ర్య పోరాటమేనని కేంద్రం ఒప్పుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. ఇక్కడ మన నాయకులకేమో ఏటా సెప్టెంబర్ 17ను ఏ పేరుతో జరపాలన్న కొట్లాటతోనే సరిపోతుంది. చనిపోయినవాళ్ల ఊళ్లకు వెళ్లి వాళ్ల పిల్లలు ఎలా ఉన్నారని అడిగే అధికారి ఒక్కడు కనపడడు. పత్రికలైనా అడగాలి కదా!

వచ్చే అక్టోబర్ 27న వయలార్ మీద ఒక పేజీ వేయండి. దివాన్ ఫొటోకు ఇచ్చినంత జాగా ఆ కార్మికులకూ ఇవ్వండి.

— ఒక పాఠకుడు, అంబాజీపేట